మాంగనీస్ గని బురద చెరువులో పూడిక తీత: చీపురుపల్లి దగ్గర మేం చేసిన పని, చేసిన తప్పు

2022 మొదట్లో చీపురుపల్లి వైపు ఒక పాత మాంగనీస్ గనిలో బురద చెరువు పూడిక తీసే పని మాకు వచ్చింది. యజమాని పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం. పని ఎలా సాగిందో, మొదట్లో మేం ఎక్కడ తప్పు చేశామో మాత్రం ఏమీ దాచకుండా రాస్తున్నాను. రేపు ఇలాంటి పని ఒప్పుకునే కుర్రాళ్లు మేం పడ్డ గోతిలో పడకూడదు. పని మధ్యలో చెరువు గట్టు పగిలింది. అది తెగితే, కింద వంద ఎకరాల పొలం, ఒక మంచినీళ్ల బావి, గెడ్డ (వాగు) ఒడ్డున పది పన్నెండు ఇళ్లు ఉన్నాయి.

ముందు చెరువు సంగతి. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1890ల్లో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే. ఇక్కడి కోడూరు పేరు మీదే కోడురైట్ అనే రాయికి పేరు పెట్టారు. ఈ రాయి లక్షల ఏళ్లుగా కుళ్లి, మెత్తటి తెల్లమట్టిగా, పసుపు మట్టిగా మారిపోయింది. ఆ మట్టిలో నుంచి ఖనిజాన్ని కడిగి తీస్తారు. కడిగిన నీళ్లతో పాటు వచ్చే మెత్తటి మట్టంతా చెరువులోకి వెళ్లి పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లు మళ్లీ కడగడానికి వాడతారు. ఇసుకైతే నిమిషాల్లో కిందకు దిగుతుంది. ఈ మట్టి మాత్రం గ్లాసులో పోసి పెడితే మర్నాటికి కూడా పాలలాగే ఉంటుంది. మా కష్టాల్లో సగం ఈ ఒక్క గుణం వల్లే వచ్చాయి.

చెరువు రెండు హెక్టార్లు, గట్టు ఎత్తు ఆరు మీటర్లు. అందులో పూడిక సగటున మూడు మీటర్ల డెబ్భై దాకా వచ్చేసింది. గట్టు ఒకేసారి కట్టింది కాదు. మొదట నాలుగు మీటర్ల ఎనభైకి గని మట్టితో పోశారు, తర్వాత పూడిక పెరిగేకొద్దీ ఇంకో మీటరు ఇరవై లేపారు. ఆ లేపిన భాగం లోపలి అంచు గట్టు మీద కాకుండా పూడిక మీద కూర్చుంది. పాత ఫొటోలు చూసినప్పుడు ఈ విషయం మాకు తెలిసింది, కానీ దాని అర్థం ఏమిటో అప్పుడే బుర్రకెక్కలేదు.

పని ఎందుకు పెట్టుకున్నారంటే, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి ఈ చెరువులో నీళ్లు గట్టు తలకి జానెడు కిందకి వచ్చాయి. కాపలా ఉన్న పెద్దాయన ఆ రాత్రంతా గొడుగేసుకుని గట్టు మీదే నిలబడ్డాడు. మట్టి గట్టు మీంచి నీళ్లు పొర్లడం మొదలైతే గంటల్లో కోసుకుపోతుంది. 1994 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని మెరీస్‌ప్రూయిట్‌లో బంగారు గని వ్యర్థాల గట్టు సరిగ్గా ఇలాగే, గట్టి వాన పడ్డ రాత్రి, పైన ఖాళీ చాలక పొర్లి తెగి 17 మందిని పొట్టన పెట్టుకుంది.

నీటి మట్టానికీ గట్టు తలకీ మధ్య ఉండే ఈ ఖాళీని ఫ్రీబోర్డు అంటాం. అది ఎందుకు తగ్గిపోతుందో చాలామంది సరిగా ఆలోచించరు. పూడిక పైకి వచ్చేకొద్దీ దాని మీద తేరిన నీళ్ల లోతు తగ్గుతుంది, లోతు తగ్గితే మట్టి తేరుకోదు, ఖనిజం కడిగే ప్లాంటుకి బురద నీళ్లు వెళ్తాయి, అప్పుడు ప్లాంటు వాళ్లు నీళ్లు బయటకు పోయే తూము దగ్గర ఇంకో రెండు చెక్కలు వేసి మట్టం పెంచుతారు. ప్రతి ఏడాదీ రెండేసి చెక్కలు. వాళ్ల దృష్టిలో అది నీళ్లు తేటగా ఉంచుకోవడం, కానీ తుపాను నీళ్లు పట్టాల్సిన చోటే అలా కొంచెం కొంచెంగా నిండిపోతోంది. మేం జనవరిలో వెళ్లేసరికి తూములో తొమ్మిది చెక్కలు ఉన్నాయి, ఫ్రీబోర్డు 60 సెంటీమీటర్లు.

లెక్క చిన్నదే. చెరువు రెండు హెక్టార్లు, పై నుంచి నీళ్లు వచ్చి చేరే జాగా ఇంకో ఆరు. ఒక రోజులో 150 మిల్లీమీటర్ల వాన పడి అంతా చెరువులోకే వస్తే 12,000 క్యూబిక్ మీటర్లు. రెండు హెక్టార్ల మీద అది సరిగ్గా 60 సెంటీమీటర్లు. అంటే ఉన్న ఖాళీ మొత్తం ఒక్క రోజులో అయిపోతుంది. మా ఉత్తరాంధ్రలో తుపాను రోజున 150 మిల్లీమీటర్లు పడటం వింతేమీ కాదు. అందుకే కనీసం 12,000 క్యూబిక్ మీటర్ల పూడిక తీసి, ఆ మేరకు నీటి మట్టం కిందకు దించాలని అనుకున్నాం.

ఇక తప్పు దగ్గరకి వస్తాను.

నీళ్లు తోడేస్తే పొక్లెయిన్ దించి టిప్పర్లతో ఎత్తేయొచ్చు, ఊరి చెరువు పూడిక ఎలా తీస్తామో అలాగే, ఖర్చు తక్కువ, నీళ్లలోంచే బురద తోడే డ్రెడ్జర్ తెచ్చే పని లేదు అని లెక్క వేశాం. ఫిబ్రవరి మొదట్లో మూడు డీజిల్ పంపులు పెట్టి రాత్రీ పగలూ తోడాం. రోజుకు పావు మీటరు చొప్పున ఆరు రోజుల్లో మీటరున్నర దిగింది. మాకందరికీ సంతోషం. నాలుగో రోజున కాపలా పెద్దాయన ఒక మాట అన్నాడు. "ఏటి బాబూ, నీరు ఇంత బేగి దించీసినారు, గట్టు కడుపులో నీరు అలాగే ఉంది కదా, అది ఊరుకుంటాదా?" నేను సరే చూద్దాం తాతా అని వచ్చేశాను. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాట అక్కడికక్కడే పట్టించుకోవాల్సింది.

ఏడో రోజు పొద్దున గట్టు మీద, లోపలి అంచుకి మీటరు ఇవతల, పొడుగ్గా పగులు. పద్దెనిమిది మీటర్ల పొడవు, చిటికెన వేలు దూరేంత సందు. లోపలి వైపు మట్టి బెత్తెడు కిందకి దిగి కూర్చుంది.

జరిగిందేమిటంటే, చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు గట్టు లోపలి వాలుని అదిమి పట్టుకుని ఉంటాయి, ఏళ్ల తరబడి గట్టు కూడా నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది. బయట నీళ్లు నెమ్మదిగా దిగితే గట్టులో నీళ్లు కూడా వెంటే ఇంకి బయటకు వస్తాయి. మనం గబగబా తోడేస్తే బంకమట్టిలోంచి నీళ్లు అంత తొందరగా బయటకు రాలేవు, ఆనుడు పోయింది, బరువు మాత్రం అలాగే ఉంది, అప్పుడు వాలు లోపలికి జారుతుంది. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఇది మొదటి పాఠాల్లోనే ఉంటుంది. దాని పైన, లేపిన భాగం పూడిక మీద కూర్చుంది కాబట్టి పూడిక కుంగగానే అదీ కుంగింది. 2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాదిన్యో దగ్గర కూలి 270 మందిని చంపిన గట్టు కూడా పూడిక మీద మెట్లు మెట్లుగా లేపిందే. అది 86 మీటర్లు, మాది ఆరు. కానీ కింద ఇల్లున్న మనిషికి ఆ తేడా ఏం ఊరట?

అదే రోజు ఇంకో దెబ్బ. చెరువు అవతలి కొసన పూడిక ఎండి పెచ్చు కట్టింది, నెర్రెలు కూడా ఇచ్చింది, చూడటానికి ఎండాకాలం పొలంలా ఉంది. పొక్లెయిన్ ఆపరేటర్ బకెట్‌తో తట్టి చూసి, గట్టిగానే ఉంది సార్ అని దించాడు. ఎనిమిది మీటర్లు పోయాక ముందు ట్రాకు కిందకి వెళ్లింది. పెచ్చు మందం అడుగు కూడా లేదు, కింద అంతా ఊబి. ఆపరేటర్ క్యాబిన్ పైకెక్కి తాడు పట్టుకుని బయటపడ్డాడు. మిషన్ తీయడానికి రెండు రోజులు, ఇంకో పొక్లెయిన్, వైర్ రోప్, కింద పరచడానికి తాటి దుంగలు. మనిషికి ఏమీ కాలేదు కాబట్టి ఇంత తాపీగా రాయగలుగుతున్నాను. మెత్తటి గని మట్టి పైన ఎండుతుందే కానీ, ఆ పెచ్చే మూత వేసినట్టయి లోపలి నీళ్లని ఎండనివ్వదు. రెండేళ్లు వదిలేసినా లోపల బురదగానే ఉంటుంది. ఆ రోజు నుంచి మా నియమం ఒకటే: ఇనుప ఊచ గుచ్చి చూడకుండా, నడుముకి తాడు లేకుండా, పలక వేయకుండా ఎవరూ పూడిక మీద కాలు పెట్టకూడదు. చెరువు చుట్టూ కంచె కూడా వేయించాం, ఎందుకంటే అక్కడ గేదెలు దిగుతాయని తర్వాత తెలిసింది.

పగులు చూడగానే పంపులు ఆపించాం, గట్టు మీద బండ్లు తిరగకుండా ఆపేశాం, వాన నీళ్లు లోపలికి పోకుండా పగులు మీద టార్పాలిన్ కప్పాం. పగులుకి అటూ ఇటూ మేకులు దిగ్గొట్టి మధ్య దూరం రోజుకి రెండుసార్లు కొలిచాం. దించిన నీళ్లని మళ్లీ చెరువులోకే నెమ్మదిగా ఎక్కించాం. మూడు రోజులు పగులు మిల్లీమీటరు మిల్లీమీటరుగా పెరిగింది, నాలుగో రోజు ఆగింది. ఆ మూడు రాత్రులు టెన్షన్‌తో ఎవరికీ నిద్ర లేదు. కింద ఇళ్లవాళ్లకి విషయం మేమే వెళ్లి చెప్పాం. యాజమాన్యంలో ఒకరిద్దరు ఇప్పుడే చెప్పడం ఎందుకు అన్నారు, నేను ఒప్పుకోలేదు. గట్టు కింద పడుకునే మనిషికి గట్టు పగిలిందన్న సంగతి తెలియాలి. పగులు ఆగాక దాన్ని తవ్వి, మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టి, లోపలి వాలుకి రాయి ఆనించాం.

ఇక్కడ ఒక మాట. ఈ ఖాళీ రోజుల్లో ఊరికే ఉండకుండా చెరువు పైభాగంలో ఉన్న పాత కాలువ చూశాం. కొండ మీంచి వచ్చే వాన నీళ్లని చెరువులోకి రానివ్వకుండా చుట్టూ తిప్పి గెడ్డలోకి పంపే గార్లాండ్ డ్రెయిన్ అది. సర్కారు తుమ్మ పెరిగి, మట్టి పూడి, కాలువ ఉందన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. ఒక జేసీబీ, మూడు రోజులు, అంతే. ఆ ఆరు హెక్టార్ల నీళ్లు చెరువులోకి రాకపోతే అదే 150 మిల్లీమీటర్ల వానకి చెరువు 60 సెంటీమీటర్లకి బదులు 15 పెరుగుతుంది. నేను అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇది. ఎవరైనా బురద చెరువు పనికి పిలిస్తే ఇప్పుడు నేను మొదట చెరువు వైపు చూడను, పైన కాలువ ఎక్కడుందని అడుగుతాను.

పూడిక తీయడానికి ఈసారి నీళ్లు ఉంచే పని చేశాం. డ్రమ్ముల మీద తేలే తెప్ప లాంటి పాంటూన్, దాని కింద వేలాడే, బురద తోడే స్లర్రీ పంపు, పంపు మూతి దగ్గర బురదని చిలికే కట్టర్, వెనక ఆరంగుళాల పైపు. పాంటూన్‌ని నాలుగు వైపులా తాళ్లతో కట్టి అంగుళం అంగుళం జరుపుకుంటూ వెళ్లాలి. గట్టు లోపలి అడుగు నుంచి పది మీటర్ల దాకా పూడిక ముట్టుకోకూడదని కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కట్టాం. ఆ పూడిక మీదే గట్టు ఆనుకుని ఉంది, దాన్ని తీస్తే గట్టు కాళ్లు తీసినట్టే. తీసిన బురద 700 మీటర్ల దూరంలో ఖనిజం అయిపోయిన పాత గోతిలోకి పంపాం, దానికి అనుమతులు ముందే తీసుకున్నాం. గోతిలో తేరిన నీళ్లని మళ్లీ చెరువులోకి తిప్పి పోశాం. ఇలా చేస్తే చెరువు మట్టం రోజుకి రెండు మూడు సెంటీమీటర్లకి మించి దిగదు. ఏ రోజైనా ఐదు దాటితే పంపు ఆపేయాలని బోర్డు మీద రాసిపెట్టాం.

గోతిలో నీళ్లు తేరాలంటే మందు వేయక తప్పదు. పాలీయాక్రిలమైడ్ అనే పొడి, నీళ్లలో కరిగించి పైపులోకి కొంచెం కొంచెంగా వదలాలి. ఎంత వేయాలో తెలుసుకోవడానికి ఆరు గాజు గ్లాసులు వరుసగా పెట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో మోతాదు వేసి చెంచాతో తిప్పాం. తక్కువ పడ్డ గ్లాసు అలాగే పాలలా ఉంది. ఎక్కువ పడ్డది జిగురు కట్టి చెంచాకి అంటుకుంది. మధ్యలో నాలుగో గ్లాసులో మట్టి చిన్న చిన్న పూసలుగా విడిపోయి, చూస్తుండగానే అడుగుకి దిగి, పైన రెండు వేళ్ల మందం తేట నీళ్లు నిలిచాయి. గ్లాసు వెనక పెట్టిన బీడీ కట్ట మీద అక్షరాలు చదవగలిగాం. టన్ను పొడి మట్టికి దాదాపు 250 గ్రాములు అని తేలింది. పొడి కలపడం కూడా విద్యే. ఒక్కసారి కుమ్మరిస్తే చోడి అంబలిలో పిండి ఉండకట్టినట్టు ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఎంత తిప్పినా కరగవు. సుడి తిరిగే నీళ్లలో ఉప్పు జల్లినట్టు జల్లాలి. మా కుర్రాళ్లలో ఒకడి చెయ్యి దానికి బాగా కుదిరింది, చివరి దాకా అతనే కలిపాడు.

పంపు ఎంత మట్టి తెస్తోందో తెలుసుకోవడానికి ఖరీదైన మీటర్లు మా దగ్గర లేవు. లీటరు కొలిచే స్టీలు డబ్బా, కిరాణా కొట్టులో ఉండేలాంటి ఎలక్ట్రానిక్ కాటా, అంతే. గంటకోసారి పైపు చివర డబ్బా నింపి తూచేవాళ్లం. లీటరు కిలో 20 గ్రాములుంటే ఉత్త నీళ్లు తోడుతున్నట్టు, పాంటూన్ జరపాలి. కిలో 200 దాటితే చిక్కబడింది, పైపు బిగుసుకునే ప్రమాదం ఉంది. సగటున కిలో 120 వచ్చింది. గంటకి 150 క్యూబిక్ మీటర్ల ప్రవాహంలో అది దాదాపు 28 టన్నుల పొడి మట్టి, చెరువులో ఉన్న రూపంలో 26 క్యూబిక్ మీటర్లు. రోజుకి ఎనిమిది గంటల షిఫ్టులో నికరంగా ఆరు గంటలు నడిస్తే దాదాపు 155 క్యూబిక్ మీటర్లు వస్తుంది. మిగతా రెండు గంటలూ తాటి మట్టలకీ సిమెంటు సంచులకీ పోయేవి. పంపు మూతికి అడ్డం పడ్డ ప్రతిసారీ పైకెత్తి చేత్తో పీకాలి.

కరెంటు పోవడం ఇంకో తలనొప్పి. పైపులో బురద సెకనుకి రెండు మీటర్లకి పైగా వేగంతో నడుస్తున్నంత సేపూ బాగుంటుంది, ఆగగానే మట్టి అడుగుకి దిగి గట్టిపడుతుంది. రెండుసార్లు పైపు మొత్తం విప్పి కడగాల్సి వచ్చింది. తర్వాత పక్కనే చిన్న డీజిల్ పంపు ఒకటి పెట్టుకుని, కరెంటు పోయిన నిమిషంలో దాన్ని తిప్పి మంచి నీళ్లతో పైపు కడిగేసేవాళ్లం. ఆపేముందు కడగడం, మొదలుపెట్టేముందు నీళ్లు నింపడం, ఈ రెండూ అలవాటయ్యాక మళ్లీ ఇబ్బంది రాలేదు.

మార్చిలో చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్లతో వచ్చారు. ఊరి చెరువు పూడిక మట్టి పొలానికి ఎరువు, అది తరతరాల అలవాటు, ఉచితంగా తీసుకుపోతాం బాబూ అన్నారు. ఇవ్వలేమని చెప్పడం చాలా కష్టమైంది. ఊరి చెరువులో పేరుకునేది ఆకులు, పేడ, పైమట్టి. ఇది గని కడిగిన మట్టి, ఇందులో సారం లేదు, మాంగనీస్ ఉంది. తాగే నీళ్లలో మాంగనీస్ లీటరుకి 0.1 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 0.3 దాకా అని మన జాతీయ ప్రమాణం. బయటకు వదిలే వ్యర్థ జలాల్లో అయితే 2 మిల్లీగ్రాములు. పొలంలో పోస్తే రేపు బావిలోకి దిగదని హామీ నేను ఇవ్వలేను. ఒక పెద్దాయనకి ఆ మట్టి ఉండ ఎండబెట్టి చూపించాను. రాయిలా గట్టిపడి, పగిలి, పొడి పొడిగా రాలింది. "ఇది నేలకి ఊపిరాడనివ్వదు" అని ఆయనే అందరికీ చెప్పాడు. మూడు బావుల నీళ్లు పని మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పరీక్షకి పంపి ఆ కాగితాలు వాళ్ల చేతికే ఇచ్చాం.

మే రెండో వారంలో అసని తుపాను వస్తోందని చెప్పారు. అప్పటికి 11,400 క్యూబిక్ మీటర్లు తీశాం. పాంటూన్‌ని ఒడ్డుకి కట్టేసి, పైపు కడిగేసి, అందరం గట్టు మీదే ఉన్నాం. అప్పటికే తూము చెక్కలు వారానికి ఒకటి చొప్పున నాలుగు తీసేశాం, ఫ్రీబోర్డు మీటరు 15 సెంటీమీటర్ల దాకా వచ్చింది. తుపాను మచిలీపట్నం వైపు వెళ్లి బలహీనపడింది, మాకు వాన మాత్రం పడింది. గార్లాండ్ డ్రెయిన్ నిండుగా, ఎర్రగా, చెరువు పక్కనుంచి గెడ్డలోకి పోతుంటే నిలబడి చూశాం. చెరువు తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది.

ఆ తర్వాత చెరువుని చూసుకునే పద్ధతి మార్చాం. గట్టు లోపల సిమెంటు స్తంభం మీద సెంటీమీటర్ల గేజి రాసి, పైన మీటరు భాగానికి ఎర్ర రంగు వేశాం. నీళ్లు ఎర్ర రంగుని తాకితే ప్లాంటు ఆగాలి, అడిగేది లేదు. గట్టు మీద పెరిగిన తుమ్మ కొట్టించాం. ఎలుక కన్నాలు, పీత బొరియలు కనబడగానే పూడ్చాలి. గట్టు బయటి అడుగున ఊట ఒకటి ఎప్పటి నుంచో ఉంది. ఊట ఉండటం తప్పు కాదు, మట్టి గట్టంటే చెమర్చుతుంది. ఆ నీళ్లు తేటగా ఉన్నాయా, మట్టి తెస్తున్నాయా అన్నదే చూడాలి, మట్టి వస్తోందంటే లోపల గట్టు కొట్టుకుపోతోందని. అందుకే వారానికోసారి ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి, తారీఖు రాసి, కాపలా గదిలో కిటికీ మీద వరుసగా పెడతారు. ఈ ఏర్పాటు చెప్పింది కూడా కాపలా పెద్దాయనే. చదువు లేని మనిషి, ఇరవై ఏళ్లుగా ఆ గట్టుని రోజూ నడిచి చూస్తున్నాడు. ఇప్పుడు పొద్దున్నే ఆయన మనవడు గేజి ఫొటో, కిటికీ మీద సీసాల ఫొటో వాట్సాప్‌లో పంపుతాడు. నేను వేరే సైట్‌లో ఉన్నా టీ తాగేలోపు ఆ రెండూ చూస్తాను.

తేలని విషయం ఒకటి మిగిలింది. గట్టుని ఆనుకుని ఉన్న పది మీటర్ల పూడిక అలాగే ఉంది. దాన్ని తీయాలంటే ముందు బయటి వైపు రాయితో గట్టుని వెడల్పు చేయాలి, అది పెద్ద ఖర్చు. లేదంటే ప్లాంటుకి ఇంకో చెరువు తవ్వి దీన్ని మెల్లగా మూసేయాలి. రెండోదే మంచిదని రాసిచ్చాను. ప్లాంటు నడుస్తోంది, ఏడాదికి దాదాపు ముప్ఫై సెంటీమీటర్ల పూడిక చేరుతోంది, తూము దగ్గర మిగిలిన ఐదు చెక్కల మీద ఆరోది వేయకూడదని ఎర్ర పెయింటుతో గీత గీసి వచ్చాం.